ద్రాక్షతోటల నడుమ సైకిలు యాత్ర

వార్షిక సంచికకుఁ బ్రయాణవిషయ మొకటి వ్రాసి యీయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ముఁ గోరిరి. గడచిన దసరా సెలవులలో మేము ఫ్రాన్సుదేశపు తూర్పు సరిహద్దున నున్న అల్సాసు సీమలో నాలుగు దినములు సైకిలుమీఁదఁ దిరిగివచ్చితిమి. ఆ ముచ్చట విద్యార్థులకు భూగోళపాఠముగను, తలిదండ్రులకుఁ గొంత యాలోచింపఁదగినదిగను ఉండునని తలఁచి యీ వ్యాసమునకుఁ బూనుకొంటిమి.

మావంటి బడిపంతులు విదేశయాత్ర యెట్లు చేసెనని కొందఱు శంకింపవచ్చును. మా తమ్ముఁడు జర్మనీదేశమున ఫ్రైబుర్గు పట్టణములో ఉద్యోగము చేయుచున్నాఁడు. ప్రయాణపు ఖర్చు చాలవఱకు వాఁడే భరించెను. "అన్నయ్యా, మీరు ఇరువది యేండ్లుగా సైకిలుమీఁదనే బడికిఁ బోవుచున్నారు గదా! ఇక్కడి తోటలను రైలు కిటికీలోనుండి కాక సైకిలుమీఁదనుండి చూపెదను రండు" అని వాఁడు వ్రాయఁగా మేము కాదనలేకపోతిమి.

ముందుగా ఆ సీమ స్వరూపము చెప్పెదము. రైను నది దక్షిణమునుండి ఉత్తరమునకుఁ బ్రవహించుచు ఫ్రాన్సును జర్మనీని విడఁదీయుచున్నది. నదికిఁ దూర్పున జర్మనీవారి నల్లయడవి కొండలు, పడమట ఫ్రాన్సువారి వోజు కొండలు. వోజు కొండలలో నెత్తైన శిఖరము గ్రాండు బలోను. దాని యెత్తు 1,424 మీటర్లు. పడమటి సముద్రమునుండి వచ్చు మేఘములు ఈ కొండల పడమటి వాలుననే తమ నీరంతయుఁ గ్రుమ్మరించి, తూర్పు వైపునకుఁ దేలికపడి వచ్చును. అందువలననే కొండల క్రిందనున్న కొల్మారు పట్టణము ఫ్రాన్సులో మిక్కిలి తక్కువ వానపడు పట్టణములలో నొకటి. పడమటి కనుమల చాటున నుండుటచే మన అనంతపురమునకు వాన తక్కువయైనదని తరగతిలోఁ జదివిన విద్యార్థులకు ఈ కారణము కొత్తది కాదు. అయితే ఆ పొడియెండయే ద్రాక్షకు మేలైనది. కొండలపాదమునఁ దూర్పునకును ఆగ్నేయమునకును మొగమైన వాలులలో, సముద్రమట్టమునకు ఇన్నూఱు మొదలు నన్నూఱు మీటర్లవఱకు నెత్తుగల నేలలలో, ఒక సన్నని పట్టెవలె ద్రాక్షతోటలు సాగియున్నవి. మార్లెనైము మొదలు తాను అను నూరివఱకు ఈ తోటల వెంబడిఁ బోవు 170 కిలోమీటర్ల ద్రాక్షామార్గమును 1953వ సంవత్సరమునఁ బ్రారంభించిరి.

మొదటిదినము రైలులో రైను తీరమునందలి బ్రైజాకు అను జర్మను ఊరు చేరి, వంతెనమీఁద నది దాఁటితిమి. వంతెన నడుమ పహరా లేదు, అడిగినవారు లేరు. ఒకవైపు జర్మనుభాషలో బోర్డు, మఱియొకవైపు ఫ్రెంచిలో బోర్డు, అంతియే సరిహద్దు. ఆవలియొడ్డున కొన్ని మైళ్లు పోఁగా నెఫ్ బ్రిజాకు అను నెనిమిది కోణముల కోట కనఁబడెను. 1697వ సంవత్సరపు సంధివలన ఫ్రాన్సువారు బ్రైజాకును గోలుపోయి, దానికెదురుగా నీ కొత్తకోటను కట్టించిరి. వోబాను అను ప్రసిద్ధశిల్పి దీని నిర్మాత. గీఁత గీసినట్లున్న వీథులు, నక్షత్రమువంటి బురుజులు గల యీ కోట 2008వ సంవత్సరమున ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపఁబడినది. అంతటి గోడలు కాచిన సరిహద్దును మేము గంట మ్రోఁగించుకొనుచు దాఁటిపోయితిమి.

సైకిలునుగుఱించి యొకమాట. రెండుచక్రముల బండి యీ రైనులోయలోనే పుట్టినది. 1817వ సంవత్సరమున కార్లు డ్రైసు అను నతఁడు ఇదే నదికి దిగువనున్న మన్హైము పట్టణములో, పెడళ్లు లేక కాళ్లతో నేలను తన్నుచు నడపు కఱ్ఱబండిని మొదట నడపిచూపెను. గాలి నింపిన టైరు 1888వ సంవత్సరమున డన్‌లపు వలనఁ గలిగినది. 1905వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు గొప్ప సైకిలు పందెము ఈ వోజు కొండలలోని బలోను దల్సాసు అను కనుమ నెక్కెను. పందెగాండ్రకది పరీక్షయైనట్లే మాకును చిన్నకొండలే పరీక్షలైనవి. మా యూరి సైకిలునకు గేరులు లేవు. ఇచ్చటి దానికి ఇరువదియొక్క గేరులు. ఎక్కునపుడు గేరు తగ్గించిన కాలికి బరువు తగ్గును గాని త్రొక్కుడు పెరుగును. చేయవలసిన పని యెక్కడికిని పోదు, పంచుకొనఁబడును, అంతే. భౌతికశాస్త్రపు పుటలలో మేము పలుమాఱులు చెప్పిన యీ మాటను అక్కడ మా మోఁకాళ్లు మాకు మరల బోధించెను.

రెండవదినము కొల్మారు వదలి ట్యుర్కైము, కైజెర్స్‌బెర్గు, రిక్విరు గ్రామముల మీఁదుగా రిబోవిల్లే చేరితిమి. దూరము ముప్పది కిలోమీటర్లే. కాని యొక తోటయెక్కి దిగఁగానే మఱియొకటి యెదురగును. ఒకచోట మేము సైకిలు దిగి తోసికొనుచుండఁగా, డెబ్బదియేండ్లకు మించిన దంపతులు నవ్వుచు మమ్ము దాఁటిపోయిరి. మాకు సిగ్గువేసెను. తమ్ముఁడు పకపక నవ్వి, "అన్నయ్యా, వారివి బ్యాటరీ సైకిళ్లు" అని చెప్పినతోడనే మా ప్రాణము కుదుటఁబడెను.

ఇక ఆ గ్రామములు. కఱ్ఱదూలములను అడ్డముగను ఐమూలగను బిగించి, నడుమ మట్టియు సున్నమును నింపి, నీలి, పసుపు, ఎఱుపు రంగులు పూసిన యిండ్లు, కిటికీలనిండఁ బూలకుండలు, వీథి నడుమ నీటితొట్టి, ఊరు దాఁటఁగానే ద్రాక్ష. మేము పోవునప్పటికిఁ గోఁత చాలవఱకు ముగిసినది. కొన్ని వాలులలో మాత్రము జరుగుచుండెను. నిట్రవాలున యంత్రము నిలువదు గనుక అక్కడ మనుష్యులే కోయవలెను. చిన్నకత్తెరతో గుత్తిని గత్తిరించి తొట్టిలో వేయుదురు. తొట్టి నిండఁగా నొకఁడు వీఁపున మోసికొనిపోయి బండిలోఁ గుమ్మరించును. రెండువైపుల చక్రములుండి మొక్కలవరుస మీఁదుగా నడచు పొడుగుకాళ్ల ట్రాక్టరు నచ్చటఁ జూచితిమి. కూలికి వచ్చినవారిలోఁ బోలండు, రుమేనియా దేశములవారు నుండిరి. సువార్తలోని ద్రాక్షతోట కూలివాండ్ర యుపమానమును ఆదివారపుబడిలో నెన్నిసార్లో చెప్పితిమి. ఉదయపు చలిలో వంగి, మధ్యాహ్నపు టెండలో వంగి, సాయంకాలమునకు నడుము పట్టుకొని లేచుచున్న యా మనుష్యులను జూచినతరువాత, దినమంతయు నెండ కోర్చినవారి గొణుగుడులో నెంత బాధ యున్నదో మాకు మునుపటికంటె బాగుగ బోధపడినది.

ఒక స్త్రీ మాకొక గుత్తి యిచ్చెను. గింజలు మన శనగలకంటెఁ గొంచెము పెద్దవి, తోలు మందము, లోపల విత్తులు, తీపి మాత్రము పెదవు లంటుకొనునంత. హైదరాబాదు పరిసరములలో నొకకాలమున నెంతో పేరుగన్న అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తినుటకుఁ బుట్టినది. ఇది పిండుటకుఁ బుట్టినది. మన దేశమున ద్రాక్షతీఁగకు నిద్రలేదు. అందుచే సంవత్సరమునకు రెండుమాఱులు కత్తిరించి, వేసవి ముందర నొక పంట తీయుదురు. అక్కడనో, శీతకాలమున ఆకు రాల్చి మంచులో నిదురించి, వసంతమున మేల్కొనును.

ఆ తీఁగల వేళ్లను గుఱించి మాకు రైతు చెప్పిన సంగతి విద్యార్థులు తెలిసికొనఁదగినది. పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధమున ఫిలాక్సెరా అను సన్నని పురుగు అమెరికానుండి తెచ్చిన మొక్కలతోఁ గూడ ఐరోపాలోఁ బ్రవేశించి ద్రాక్షవేళ్లను గొఱికి తోటలకుఁ దోటలనే చంపెను. మందులు పనిచేయలేదు. తుదకు, ఆ పురుగునకుఁ దాళుకొనఁగల అమెరికా ద్రాక్షవేరుమీఁద ఐరోపా కొమ్మను అంటుకట్టి బ్రతికించిరి. నేఁడును ఆ సీమలోని తీఁగలు మిక్కుటముగ అంటుమొక్కలే. మన మామిడితోటలలోని యుపాయమే. కొమ్మ యే జాతిదైనను కావచ్చును. క్రింద వేరు బ్రతికియుండవలెనని యా రైతు మొక్కమొదటనున్న ముడిని జూపుచుఁ జెప్పెను. ఈ మాటను చదువరులు జ్ఞాపకమం దుంచుకొందురు గాక. మరల దీనితోఁ బని కలదు.

ద్రాక్షసారాయపు సీమకుఁ బోయి మేమేమి త్రాగితిమని తలిదండ్రు లడుగుదురు. చెప్పెదము. ప్రతిచోట మాకుఁ బాత్ర నందిచ్చిరి, మేము పులియని ద్రాక్షరసమే యడిగితిమి, ఎవ్వరును నొచ్చుకొనలేదు. అక్కడివారికి నది పంట, జీవనము, తాతలనాఁటి విద్య. దానిని మేము తూలనాడము. కాని మద్యము వలని కీడు వా రెఱుఁగనిది కాదు. ఆ దేశములోనే 1991వ సంవత్సరమున మద్యపుఁ బ్రకటనలకు హద్దులు విధించుచుఁ జట్టము చేసిరి. ఆ మఱుసటి యేఁడే మన నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామమున స్త్రీలు సారాకొట్టు మూయించి రాష్ట్రమంతటను ఉద్యమము రగిల్చిరి. 1993వ సంవత్సరమున సారా నిషేధము వచ్చినది. తండ్రి త్రాగివచ్చిన రాత్రి మఱునాఁడు బడిలో నిద్రపోవు బాలుని మేమెఱుఁగుదుము. అందుచే నా తోటల యందమును మెచ్చుకొంటిమి, ఆ కర్షకుల శ్రమకు నమస్కరించితిమి, పాత్రను మాత్రము వెనుకకిచ్చితిమి. ఈ మూఁడింటికిని విరోధము లేదని మా నమ్మకము.

రిక్విరునకును రిబోవిల్లేకును నడుమ ఉనవీరు అను చిన్న గ్రామము కలదు. అచ్చటి దేవాలయము ఊరి కవతల తోటలనడుమ మెట్టమీఁద, కోటగోడ చుట్టుకొని నిలిచియున్నది. 1687వ సంవత్సరమునుండి రోమను కథోలికులును ప్రొటెస్టంటులును ఆ యొక్క యాలయముననే వేఱువేఱు వేళల నారాధించుచున్నారు. మొదట నది రాజశాసనమువలనఁ గలిగినది గాని ప్రేమవలనఁ గలిగినది కాదు. అయినను మూఁడువందలయేండ్లు దాఁటినను తాళపుచెవి ఇరువర్గములవారికిని చెల్లుచునే యున్నది.

అదే గ్రామమున కొంగల పునరుద్ధరణకేంద్ర మొకటి 1976వ సంవత్సరమున స్థాపింపఁబడినది. తెల్లని రెక్కలు, నల్లని యంచులు, ఎఱ్ఱని ముక్కుగల యా కొంగలు అల్సాసువారికి శుభసూచకములు. మన వీరాపురపు రైతులు ఏటేట వచ్చు ఎఱ్ఱకాళ్ల కొంగలను వానలు తెచ్చు చుట్టములుగ నెంచినట్లే, వారును ఇంటికప్పుమీఁద గూఁటికై బండిచక్రము నమర్చియుంచెదరు. అయినను 1974వ సంవత్సరము నాఁటికి ఆ సీమయంతటను తొమ్మిది జంటలే మిగిలినవఁట. కారణములు వెదకి, పిల్లలను బెంచి, గూళ్లు నిలిపి శ్రమింపఁగా నేఁడు వందలకొలఁది జంటలు తిరుగుచున్నవి. పోయినదనుకొన్నది మనుష్యులు పూనుకొన్న తిరిగివచ్చునని చెప్పుట కిదియొక సాక్ష్యము.

కైజెర్స్‌బెర్గులో డాక్టరు ఆల్బర్టు ష్వైట్జరు జన్మగృహమును దర్శించితిమి. లూథరను పాదిరిగారి కుమారుఁడగు నతఁడు 1875వ సంవత్సరము జనవరి 14వ తేది నిచ్చటఁ బుట్టెను. వేదాంతమును సంగీతమును నేర్చి కీర్తిగాంచియు, ముప్పదవయేట వైద్యము నేర్వ నారంభించి, 1913వ సంవత్సరమున ఆఫ్రికాలోని లంబరేనే యందు వైద్యశాలఁ బెట్టిన మహనీయుఁడు. 1952వ సంవత్సరపు శాంతిబహుమాన మాయనకు దక్కినది. ఇదంతయు మన పాఠములలో నున్నదే. పాఠములలో లేనిది యొకటి యున్నది. ఆయన పుట్టిననాఁటికి ఆ యూరు జర్మనీది. కావున నాయన జర్మను ప్రజ. ఆయన వైద్యశాల యున్న దేశమో ఫ్రెంచివారిది. 1914వ సంవత్సరమున యుద్ధము రాఁగానే, రోగులకు మందిచ్చుచున్న యా వైద్యుని ఫ్రెంచివారు శత్రుదేశీయుఁడని నిర్బంధించిరి. యుద్ధము ముగిసినపిదప ఆయన ఊరు ఫ్రాన్సులోఁ జేరెను. ఆయనయు ఫ్రెంచి పౌరుఁడయ్యెను. ఊరు కదలలేదు, మనిషి మాఱలేదు. గీఁత మాత్రము కదలినది.

ఈ గీఁత కదలిన చరిత్రమును లెక్కవేయుఁడు. 1871వ సంవత్సరమున అల్సాసు ఫ్రాన్సునుండి జర్మనీకిఁ బోయెను. 1918వ సంవత్సరమున ఫ్రాన్సునకుఁ దిరిగి వచ్చెను. 1940వ సంవత్సరమున హిట్లరు సేనలు దానిని మరల లాగుకొనెను. 1945వ సంవత్సరమున మఱల ఫ్రాన్సు. 1870వ సంవత్సరమునఁ బుట్టి డెబ్బదియైదేండ్లు బ్రతికిన ముసలమ్మ తన యింటి గడప దాఁటకయే నాలుగుమాఱులు దేశము మాఱినదన్నమాట! 1942వ సంవత్సరమునుండి అల్సాసు, మొసేలు సీమల యువకులు సుమారు 1,30,000 మంది బలవంతముగా జర్మను సేనలలోఁ జేర్పఁబడిరి. వారిలోఁ బలువురు తిరిగి రాలేదు. మేము తిరిగిన ప్రతిగ్రామమునను యుద్ధమృతుల స్మారకస్తంభ మున్నది.

గీఁత కదలినప్పుడెల్ల మొదట మాఱినది బడి. అల్ఫోన్సు దోదే అను ఫ్రెంచిరచయిత 1873వ సంవత్సరమున వెలువరించిన చివరిపాఠపు కథను, సీ.బీ.ఎస్.ఈ. పండ్రెండవ తరగతి ఆంగ్లపాఠములలోఁ జదివినవారు మన పూర్వవిద్యార్థులలో నున్నారు. అల్సాసు బడులలో రేపటినుండి జర్మనుభాషయే చెప్పవలెనని యాజ్ఞ రాఁగా, ఫ్రెంచి నేర్పు ముసలి యుపాధ్యాయుఁడు తన కడపటి పాఠము చెప్పుట యందలి విషయము. మిక్కిలి హృదయమును గదలించు కథ. కాని యా సీమలో నడచినపుడు కథలో లేని యొక సత్యము కనఁబడును. ఆనాఁడు ఆ గ్రామములలోని పిల్లలు చాలమంది ఇంట మాటాడినది ఫ్రెంచియుఁ గాదు, బడిజర్మనుయుఁ గాదు. అది జర్మనుకుఁ జుట్టమైన అల్సాసీయము. తల్లి జోల పాడినది దానిలో. రైతు ఎద్దుల నదలించినది దానిలో. రాజ్యములు రెండును తమతమ భాషలకై పోరాడినవి; ఆ యింటిభాషకై యే రాజ్యమును బడిలోఁ బీట వేయలేదు.

మూఁడవదినము రాత్రి మిట్టెల్బెర్గైము అను కొండగ్రామమున నొక ద్రాక్షరైతు ఇంట బస చేసితిమి. ఆ దినమున నలువది కిలోమీటర్లు త్రొక్కితిమి. దారిలో నొక ముల్లు దిగి ట్యూబు పంక్చరైనది. చీఁకటి పడునప్పటికిఁ గాని చేరలేదు. ఇంటి పెద్దావిడకు ఎనుబదియేండ్లు. వేడి ఉల్లిగడ్డల రొట్టెయు ఆకుకూర పులుసును బెట్టి, మా తమ్మునికి జర్మనువచ్చునని తెలిసికొని, ప్రక్కకు వచ్చి కూర్చుండెను. ఆమె తనభాషలోఁ జెప్పుచుండఁగా తమ్ముఁడు సగము గ్రహించి సగ మడిగి మాకుఁ దెలుఁగున వినిపించెను.

యుద్ధము ముగిసినపిదప బడికిఁ బోయిన తరము ఆమెది. ఆ కాలమున జర్మను వాసనగలదంతయు శత్రువుదేయని తలఁచిరి. ఆటస్థలములో అల్సాసీయము మాటాడిన పిల్లలకు శిక్ష. ఫ్రెంచి మాటాడుటయే నాగరకమని గోడలమీఁదఁ బ్రకటనలు. "మా అమ్మకు ఫ్రెంచి రాదు. బడినుండి వచ్చి నేను నేర్చినది ఆమెకుఁ జెప్పుటకు నాయొద్ద మాట లేదు, ఆమె చెప్పునది బడిలోఁ జెప్పినచో దెబ్బలు" అని యామె చెప్పెను. తనకుఁ బిల్లలు పుట్టినప్పుడు వారికా కష్టము వలదని యింటను ఫ్రెంచియే మాటాడెనఁట. పిల్లలు చక్కగాఁ జదివిరి, ఉద్యోగములలో స్థిరపడిరి. ఆమెకుఁ బశ్చాత్తాపము లేదు, కోపమును లేదు. అయితే మనుమరాలు ప్రక్కనుండి యొక మాట కర్థ మడుగఁగా, ముసలామె దానిని ఫ్రెంచిలోఁ జెప్పఁబోయి, చెప్పలేక, చేయి విదిల్చి, కాళ్లకడఁ బండుకొన్న కుక్కను నిమురుచు, "ఇప్పుడీ యింట నా భాష తెలిసినది దీనికి మాత్రమే" అనెను. అందఱు నవ్విరి. ఆమెయు నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

ఆ యడిగిన మాట యేమో తరువాత తమ్ముఁడు విచారించెను. కొండవాలున మన్ను వానకు జాఱి క్రిందికిఁ బోఁగా, చలికాలమున దానిని గంపలతో మరల మీఁదికి మోయుదురఁట. ఆ పనికిఁ దాతలనాఁడొక పేరుండెను. అది యొక్క మాటయే. కాని దానిలో నొక సేద్యపుఁ జదువున్నది. మాట పోయిన పిదప ఆ పని ఎందుకు చేయుదురో చెప్పువారును బోవుదురు.

నాలుగవదినము ఒబెర్నే, మోల్సైము దాఁటి, బ్రూషు కాలువగట్టు వెంట స్ట్రాస్బూరు చేరితిమి. 1682వ సంవత్సరమునఁ గోటకు రాళ్లు చేరవేయుటకై త్రవ్విన యా కాలువ నేఁడు సైకిలువారికి నీడబాట. 142 మీటర్ల యెత్తుగల దేవాలయగోపురము చాలదూరమునుండియే కనఁబడెను; 1874వ సంవత్సరమువఱకు లోకములోఁ గట్టడము లన్నిటిలో నెత్తైన దదియే. పాతనగరపు వీథులలోఁ బేర్ల పలకలు రెండేసి భాషలలో నున్నవి: పైన ఫ్రెంచి, క్రింద అల్సాసీయము. 1990వ సంవత్సరము తరువాత ద్విభాషా తరగతులును గొన్ని బడులలో వెలసినవి. కొంగలను రప్పించుకొన్నవారు మాటలను రప్పించుకొనఁ బూనుకొనిరి. కాని కొంగ గూడు చూచి వచ్చును. మాట నోరు చూచి వచ్చును. పలకమీఁద వ్రాసినంత మాత్రమున రాదు.

విద్యార్థులారా, తలిదండ్రులారా, ఇంతదూరము మిమ్ము వెంటఁబెట్టుకొని వచ్చినది ఈ మాట చెప్పుటకే. గడచిన జూలై మాసమున మా యెనిమిదవ తరగతి బాలుఁ డొకఁడు తనకు నాయనమ్మ వ్రాసిన యుత్తరము తెచ్చి, చదివిపెట్టుమని మమ్మడిగెను. తెలుఁగులోఁ దడుముకొనకుండ మాటాడును. ఇంగ్లీషులోఁ దరగతికెల్ల మొదటివాఁడు. తెలుఁగక్షరములు మాత్రము కూడఁబలుకలేఁడు. ఆ యుత్తరములో నామె, పెరటిలోని జామచెట్టు కాయుచున్నది, సెలవులకు రమ్మని వ్రాసినది. తన నాయనమ్మ పిలుపును ఆ బాలుఁడు మూఁడవవాని నోట వినవలసివచ్చెను. అల్సాసులో రాజ్యములు కొట్టి చేసిన పని మన యిండ్లలో ప్రేమచేతనే జరుగుచున్నది. అదే మాకు భయము.

ఇంగ్లీషు వలదని మేము చెప్పుట లేదు. ఇంగ్లీషు నేర్చి పైకి వచ్చినవారమే మేమును. మా తమ్ముఁడు ఇంగ్లీషును జర్మనును నేర్చినందుననే యా యాత్ర కలిగినది. పిల్లవాఁడు వెనుకఁబడునేమో యని తలిదండ్రులు భయపడుట న్యాయమే. అయితే ద్రాక్షరైతు చూపిన ముడిని జ్ఞాపకము చేసికొనుఁడు. కొమ్మ యే దేశపుదైనను కట్టుఁడు. ఒకటి కాదు, రెండు కట్టుఁడు. వేరును జంపి అంటు కట్టువాఁడు లేఁడు. తెలుఁగు చక్కగఁ జదువ నేర్చిన పిల్లవానికి ఇంగ్లీషు వ్యాకరణము త్వరగా బోధపడుట మా తరగతులలో నేటేటఁ జూచుచున్నాము.

కాఁబట్టి రానున్న క్రిస్మసు, సంక్రాంతి సెలవులకు మా విద్యార్థుల కొక పని పెట్టుచున్నాము. పుస్తకము, పెన్సిలు పట్టుకొని, వీలైనవారు సైకిలెక్కి, నాయనమ్మలయొద్దకును తాతయ్యలయొద్దకును బొండు. ఇంటిపనిలోను వృత్తిపనిలోను వారు వాడు మాటలు ఇరువదియైదు వ్రాసికొని రండు. నాగలికి మేడి యేది, నొగ యేది, కఱ్ఱు ఏది? మగ్గములోఁ బడుగేది, పేక యేది, నాడె యేమి చేయును? వంటయింట, కళ్లమున, చెఱువుగట్టున నింకెన్ని పేర్లున్నవి? మాటతోఁ గూడ ఆ వస్తువును, ఆ పనిని గన్నులారఁ జూచి వ్రాయవలెను. అర్థము తెలియనప్పుడు అడుగుటకు సిగ్గుపడవలదు. అడిగించుకొనుటయే పెద్దలకుఁ బండుగ. జాబితాలన్నియుఁ గూర్చి ఫిబ్రవరిమాసమున బడి గోడపత్రికలోఁ బ్రకటింతుము. మేలైనవానిని వచ్చు సంచికకుఁ బంపుదుము.

తలిదండ్రులకు మా విన్నపము చిన్నది. రాత్రి భోజనమైన పిదప పావుగంటసేపు పిల్లలచేతఁ దెలుఁగు చదివించి వినుఁడు. వార్తాపత్రికయైనను సరే, బంధువుల యుత్తరమైనను సరే. బడిలో మా వంతు మేము చేయుదుము. ఇంట మీ వంతు మీది. సైకిలునకు రెండుచక్రములు. ఒకదానికి గాలి పోయినను బండి కదలదని, మిట్టెల్బెర్గైము దారిలో ముల్లు దిగినవారమై నిశ్చయముగఁ జెప్పఁగలము.